లెక్కల విషయంలో వినకూడని తొమ్మిది సలహాలు

అమ్మాయిని ఇంటర్‌కి ఏ కాలేజీలో చేర్చాలి? కామెర్లొస్తే ఏం వాడాలి? చేతిలో మిగిలిన నాలుగు డబ్బులు ఎక్కడ పెట్టాలి? ఇలాంటి ప్రశ్న ఇంట్లో పుట్టిందంటే చాలు, చుట్టాలు, పక్కింటివాళ్లు, వాట్సాప్ గ్రూపులు తలా ఒక సలహా చెబుతారు. చాలావరకు ప్రేమతో చెప్పేవే. కానీ ప్రేమతో చెప్పినంత మాత్రాన సలహా సరైనదైపోదు.

కింద రాసిన తొమ్మిదీ మన ఇళ్లలో రోజూ వినపడే సలహాలు. చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవే. ఒక్కోదాన్నీ నలుగురూ అనే మాటల్లోనే రాసి, అదెందుకు తప్పో, దాని బదులు ఏం చేయాలో చెబుతాను. చాలావాటిలో ఉన్న తప్పు ఒక్కటే: కళ్లెదుట కనపడే అంకెను పట్టుకుని, లెక్కలోకి రానివాళ్లను మరిచిపోవడం. కాబట్టి విరుగుడు కూడా ఒక్కటే. ఏ అంకె వినపడినా "ఎంతమందిలో? మిగిలినవాళ్ల సంగతేమిటి?" అని అడగాలి. సంఖ్యాశాస్త్రంలో ఇంటికి పనికొచ్చే భాగం చాలావరకు ఈ ప్రశ్నలోనే ఉంది. దీనికి సూత్రాలు బట్టీ పట్టక్కర్లేదు.

1. "ర్యాంకులు ఎక్కువొచ్చిన కాలేజీలోనే చేర్పించండి"

ఫలితాలు వచ్చిన మర్నాడు హైదరాబాద్‌లో, విజయవాడలో ఏ కూడలిలో చూసినా హోర్డింగుల నిండా పిల్లల ఫొటోలే. ఒక కాలేజీకి వందలోపు ర్యాంకులు పది వచ్చాయనుకుందాం. అక్కడి నుంచి పరీక్ష రాసింది అయిదు వందల మందా, యాభై వేల మందా? మొదటిదైతే యాభై మందిలో ఒకరికి ర్యాంకు వచ్చినట్టు. రెండోదైతే అయిదు వేల మందిలో ఒకరికి. హోర్డింగు మీద మాత్రం రెండు కాలేజీలవీ పది ముఖాలే.

ఇంకో సంగతి. పదో తరగతిలో బాగా మార్కులొచ్చిన పిల్లలను ఫీజు లేకుండా చేర్చుకుని, వేరే సెక్షన్‌లో కూర్చోబెట్టి చదివిస్తే, వచ్చిన ర్యాంకు కాలేజీ గొప్పా, ఆ పిల్లల గొప్పా? సివిల్స్ కోచింగ్ సెంటర్లలో ఇంకో రకం జరిగింది. మాక్ ఇంటర్వ్యూకి మాత్రమే వచ్చిన అభ్యర్థిని కూడా తమ దగ్గరే చదివినట్టు ప్రకటనల్లో వేసుకున్నారు. ఇలాంటివి శ్రుతి మించడంతో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకు మార్గదర్శకాలు తెచ్చింది. విజేత ఫొటో వేస్తే ఆ అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం చదివాడో కూడా చెప్పాలంది.

కాలేజీకి వెళ్లినప్పుడు ర్యాంకుల సంగతి అడగకండి, వాళ్లే చెబుతారు. మీరు అడగాల్సింది వేరు. "మా పిల్లలాంటి మార్కులతో నిరుడు ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమందికి సీటొచ్చింది? మధ్యలో మానేసినవాళ్లెంతమంది?" జవాబు చెప్పడానికి ఇష్టపడకపోతే, మీకు కావలసిన జవాబు దొరికినట్టే.

2. "సగటు చూసుకుంటే చాలు"

ఇంజినీరింగ్ కాలేజీ బ్రోషర్‌లో "సగటు ప్యాకేజీ 8 లక్షలు" అని ఉంటుంది. పదిమందికి ఉద్యోగాలొచ్చాయనుకోండి. తొమ్మిదిమందికి తలా 4 లక్షలు, ఒక్కరికి 44 లక్షలు. మొత్తం 80 లక్షలు, సగటు 8 లక్షలు. ఆ పదిమందిలో 8 లక్షలు తెచ్చుకునేవాడు ఒక్కడూ లేడు. జీతాలను తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి నడిమధ్యన ఉన్నదాన్ని చూస్తే 4 లక్షలని తేలుతుంది. దీన్నే మధ్యగతం అంటారు. ఒకరిద్దరి జీతం ఆకాశాన్నంటినా మధ్యగతం కదలదు. కేంద్ర విద్యాశాఖ మేనేజ్‌మెంట్ కాలేజీలకిచ్చే ర్యాంకుల్లో మధ్యగత వేతనాన్నే లెక్కలోకి తీసుకునేది ఇందుకే. మీరూ అదే అడగండి. ఉద్యోగం రానివాళ్లను ఆ లెక్కలో కలిపారా లేదా అని కూడా అడగండి.

రైతుకు ఈ సగటు మరింత కీడు చేస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశమంతటికీ సగటు వాన 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే వాతావరణ శాఖ దాన్ని సాధారణ వర్షపాతం అంటుంది. టీవీలో "ఈ ఏడు వానలు సాధారణం" అన్న మాట వినగానే అనంతపురం రైతు వేరుశనగ విత్తనం కొంటాడు. ఆ జిల్లాలో ఏడాది మొత్తానికీ పడేదే సుమారు 55 సెంటీమీటర్లు. పైగా పంటను బతికించేది మొత్తం వాన ఒక్కటే కాదు, అది ఎప్పుడు పడిందన్నదీ ముఖ్యమే. ఊడలు దిగే దశలో మూడు వారాలు చినుకు పడకపోతే, కోతల వేళ కుండపోతగా కురిసి లెక్క సరిపెట్టినా కాయ నిండదు. సగటు నిజమే చెబుతుంది, కానీ అది ఎవరి పొలం గురించీ చెప్పదు. విత్తే ముందు దేశం లెక్క కాక మండలం లెక్క చూడాలి. గత పదేళ్లలో ఏ వారంలో వాన ముఖం చాటేసిందో చూడాలి.

వయసు లెక్కలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. 1941–51 దశాబ్దంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏళ్లు. అంటే అప్పటివాళ్లు ముప్పై రెండేళ్లకే పోయారని కాదు. పసిగుడ్లుగా ఉండగానే ఎందరో చనిపోవడం వల్ల సగటు పడిపోయింది. "మా తాతమ్మ తొంభై ఏళ్లు బతికింది, అప్పటి తిండి అలాంటిది" అనేవాళ్లు ఆమె పోగొట్టుకున్న బిడ్డలనూ లెక్కపెట్టాలి.

3. "గెలిచినవాళ్లను చూసి నేర్చుకోండి"

నాజీల బారి నుంచి తప్పించుకుని అమెరికా చేరిన అబ్రహం వాల్డ్ అనే గణితవేత్తకు రెండో ప్రపంచ యుద్ధంలో ఒక సమస్య వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన విమానాల మీద తూటా దెబ్బలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసి, విమానంలో ఏ భాగం బలహీనమో తేల్చాలి. దెబ్బలు ఎక్కువ ఉన్నచోట కవచం వేయాలని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ తిరిగిరాని విమానాల గురించి ఆలోచించాడు. ఇంజిన్‌కు దెబ్బ తగిలిన విమానాలు తిరిగి రాలేదు, అందుకే వచ్చినవాటి ఇంజిన్ల మీద దెబ్బలు తక్కువ. కవచం అవసరమైంది అక్కడే.

షేర్ మార్కెట్ చిట్కాలు చెప్పే టెలిగ్రామ్ గ్రూపుల్లో మీకు కనిపించేది తిరిగొచ్చిన విమానాలే. లాభం వచ్చినవాడు స్క్రీన్‌షాట్ పెడతాడు, పోగొట్టుకున్నవాడు ఇంట్లో కూడా చెప్పుకోడు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 సెప్టెంబరులో అందరినీ లెక్కపెట్టి చూపించింది. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అనే షేర్ ఒప్పందాల్లో దిగిన కోటిమందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. వాళ్లందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన మీ తమ్ముడు "ఆప్షన్స్‌లో పెడతానక్కా" అంటే ఆ 93 గుర్తు చేయండి. మిగిలిన ఏడుగురిలో నువ్వుంటావనడానికి నీ దగ్గరున్న ఆధారమేమిటని అడగండి.

"మా నాన్న నలభై ఏళ్లు హెల్మెట్ లేకుండానే బండి నడిపారు, ఏమైంది?" అన్నదీ ఇదే కోవలోది. ఆ మాట అనగలిగేది బతికి బయటపడ్డవాళ్ల పిల్లలే. ఒక్క 2022లోనే మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 50,029 మంది బండి మీద హెల్మెట్ లేకుండా ఉన్నవాళ్లు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, ప్రమాదం జరిగినప్పుడు హెల్మెట్ వల్ల ప్రాణాపాయం సుమారు 42 శాతం, తలకు గాయం సుమారు 69 శాతం తగ్గుతున్నాయి. వెనక సీట్లో కూర్చునే అమ్మకు కూడా ఒకటి కొనండి.

4. "మావాడికి తగ్గింది, మీరూ వాడండి"

"కామెర్లకు ఇంగ్లీషు మందు లేదు వదినా, ఫలానా ఊళ్లో పసరు పోస్తారు, మా మరిదికి మూడు వారాల్లో తగ్గింది." ఈ మాట వినని తెలుగు ఇల్లు ఉండదేమో. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. మరిదికి నిజంగానే తగ్గింది. కలుషితమైన నీటితో, తిండితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతటవే తగ్గిపోతాయి. పసరు తాగినా తగ్గుతాయి, తాగకపోయినా తగ్గుతాయి. తగ్గే రోగానికి ఏ మందు వాడినా అది పనిచేసినట్టే కనపడుతుంది.

తగ్గని కామెర్లూ ఉన్నాయి. పిత్తనాళంలో రాయి అడ్డుపడి వచ్చేవి ఉన్నాయి, కాలేయం దెబ్బతిని వచ్చేవి ఉన్నాయి. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే ప్రాణాపాయం. పసరు కోసం తిరిగి వారం పోగొట్టుకున్నాక ఆస్పత్రికి చేరినవాళ్ల కథ ఆ పసరు ఊళ్లో ఎవరూ చెప్పరు. అక్కడికి వెళ్లి కృతజ్ఞతలు చెప్పేది తగ్గినవాళ్లే.

మందు పనిచేస్తుందో లేదో తెలియాలంటే ఏం చేయాలో మద్రాసులో చేసి చూపించారు. 1950లలో క్షయ వస్తే శానిటోరియంకు పంపేవారు. మన తెలుగువాళ్లకు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉండేది. మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి ఉంటేనే క్షయ తగ్గుతుందని డాక్టర్లు కూడా నమ్మేవారు. కానీ దేశంలో ఉన్న రోగులందరికీ చాలినన్ని పడకలు ఎక్కడున్నాయి? 1956లో మద్రాసులో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. 193 మంది పేద రోగులను తీసుకుని, ఎవరు శానిటోరియంకు వెళ్లాలి, ఎవరు ఇంట్లోనే ఉండాలి అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. డాక్టరు ఇష్టానికి గానీ, రోగి ఇష్టానికి గానీ వదల్లేదు. లేకపోతే రోగం ముదిరినవాళ్లంతా ఒకవైపే చేరి లెక్క పాడయ్యేది. రెండు వైపులా ఏడాది పాటు అవే మందులు ఇచ్చారు.

1959లో ఫలితం వచ్చింది. ఇరుకు ఇళ్లలో, అరకొర తిండితో, మందులు మాత్రం మానకుండా వాడినవాళ్లకు కూడా శానిటోరియంలో ఉన్నవాళ్లకు తగ్గినట్టే తగ్గింది. ఇంట్లోవాళ్లకు రోగం అంటుకోవడం కూడా ఇంటి వైద్యం వల్ల ఎక్కువ కాలేదు. ఆ తర్వాత ప్రపంచమంతటా క్షయ వైద్యం పద్ధతే మారింది. లక్షలమంది పేదలు ఇల్లు, పని, పిల్లలను వదలకుండా మందు తీసుకోగలిగారు. ఒకవేళ "మావాడికి శానిటోరియంలోనే తగ్గింది" అన్న మాటనే నమ్ముకుని కూర్చుంటే పడక దొరకని పేదవాడికి దిక్కుండేది కాదు.

అందుకే ఎవరైనా మందు పేరు చెబితే ఒకటే అడగండి: "ఇది వాడనివాళ్లకు ఎంతమందికి తగ్గింది?"

5. "ముగ్గురు ఆడపిల్లలయ్యాక నాలుగోది మగపిల్లాడే"

ఈ సలహా వల్ల ఎందరు ఆడవాళ్ల ఒళ్లు గుల్లయ్యిందో లెక్క లేదు. గర్భానికి గతం గుర్తుండదు. బిడ్డ ఆడో మగో నిర్ణయించేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోము. ప్రతిసారీ అవకాశం దాదాపు సగం సగమే. సహజంగా ప్రతి 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు. ముందు ముగ్గురు ఆడపిల్లలు పుట్టినంత మాత్రాన నాలుగో కాన్పులో ఆ అవకాశం మారదు. ముగ్గురు పిల్లలున్న ఇళ్లను తీసుకుంటే దాదాపు ఎనిమిదింట ఒకదాంట్లో ముగ్గురూ ఆడపిల్లలే ఉంటారు. అందులో శాపమూ లేదు, కోడలి తప్పూ లేదు.

ఈ సగం సగం మీదే కొందరు బతుకుతున్నారు. "మగపిల్లాడు పుట్టే మందు ఇస్తాం, పుట్టకపోతే డబ్బు వాపసు" అంటారు. అలా అనేవాడు నమ్మకస్థుడిలాగే కనపడతాడు. లెక్క వేయండి. వందమంది దగ్గర తలా అయిదు వేలు తీసుకుని ఉత్త నీళ్లిచ్చినా దాదాపు 51 మందికి మగపిల్లలే పుడతారు. మిగిలిన 49 మందికి డబ్బు తిరిగిచ్చేసినా అతనికి రెండున్నర లక్షలు మిగులుతాయి. ఆ 51 మందీ ఊరూరా అతని పేరు చెబుతారు. డబ్బు వాపసు వచ్చినవాళ్లు కూడా "మనిషి నిజాయితీపరుడు" అంటారు. ఇచ్చేది ఉత్త నీళ్లే అయితే కనీసం ఒంటికి హాని ఉండదు. హర్యానాలో పరిశోధకులు చూస్తే, ఇలాంటి మందులు మింగిన తల్లుల్లో మృతశిశువులు పుట్టడం, బిడ్డలు లోపాలతో పుట్టడం ఎక్కువగా కనపడింది.

మీ ఇంటి కోడలిని ఎవరైనా అక్కడికి తీసుకెళ్తామంటే అడ్డుపడండి. ఈ లెక్క తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరున్నా ఆమెకు అండ దొరుకుతుంది.

6. "ముప్పు రెట్టింపంటే వెంటనే మానేయండి"

రెట్టింపు అంటే ఎంత నుంచి ఎంతకు? 1995లో బ్రిటన్‌లో మందుల భద్రత చూసే కమిటీ, కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని హెచ్చరించింది. వేలమంది భయపడి మాత్రలు మానేశారు. అసలు లెక్క ఇది: పాత మాత్రలు వాడే ఏడువేల మందిలో ఒకరికి ఆ ముప్పు ఉంటే, కొత్తవి వాడే ఏడువేల మందిలో ఇద్దరికి ఉంది. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో అదనంగా సుమారు 13 వేల అబార్షన్లు జరిగాయని అంచనా. పైగా రక్తం గడ్డకట్టే ముప్పు ఆ మాత్రల కంటే గర్భం వల్లే ఎక్కువ.

"ఫలానా నూనెతో ముప్పు రెట్టింపు", "ఫలానా పొడితో ముప్పు సగం" అని వచ్చిన ప్రతి సందేశానికీ ఇదే పరీక్ష పెట్టండి. పదివేల మందిలో ముందు ఎంతమంది, ఇప్పుడు ఎంతమంది అన్నది చెప్పని సందేశాన్ని ముందుకు పంపకండి.

7. "టెస్టులో వచ్చిందంటే రోగం ఉన్నట్టే"

వెయ్యిమందిలో పదిమందికి ఒక రోగం ఉందనుకుందాం. టెస్టు ఆ పదిమందిలో తొమ్మిదిమందిని పట్టుకుంటుంది. రోగం లేనివాళ్లలో మాత్రం నూటికి తొమ్మిదిమందికి పొరపాటున ఉందని చెబుతుంది. రోగం లేని 990 మందిలో సుమారు 89 మందికి అలా వస్తుంది. మొత్తం 98 మందికి పాజిటివ్, నిజంగా రోగం ఉన్నది తొమ్మిదిమందికే. అంటే పాజిటివ్ వచ్చిన పదకొండు మందిలో ఒక్కరికే రోగం. జర్మన్ పరిశోధకుడు గెర్డ్ గిగరెంజర్ ఇలాంటి ప్రశ్నను శాతాల్లో అడిగితే డాక్టర్లే చాలామంది తప్పు చెప్పారు. ఇక్కడ రాసినట్టు మనుషుల లెక్కలో చెబితే ఎక్కువమంది సరిగా చెప్పగలిగారు.

ఇప్పుడు ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లి అరవై డెబ్భై పరీక్షలు చేసే ప్యాకేజీలు వచ్చాయి. రిపోర్టులో "నార్మల్" అని వేసే హద్దులను సాధారణంగా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో నూటికి 95 మంది లోపల ఉండేట్టు గీస్తారు. అంటే ఒక్కో పరీక్షలో ఆరోగ్యవంతుల్లోనే ఇరవైమందిలో ఒకరు హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, ఏ రోగమూ లేని మనిషికి కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం. ఒక్క ఎర్ర అంకె చూసి నిద్ర మానేయకండి, అలాగని రిపోర్టును చించి పారేయకండి. మీ ఒంట్లో లక్షణాలున్నాయా, ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందా, మళ్లీ ఒకసారి పరీక్ష చేయాలా అన్నది డాక్టరుతో కూర్చుని మాట్లాడండి. టెస్టు ఎప్పుడూ మనిషి వివరాలతో కలిపి చదవాల్సిందే.

8. "ఎక్కువమందిని అడిగితే నిజం తెలిసిపోతుంది"

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటిమందికి ఉత్తరాలు రాసింది. ఇరవై లక్షలకు పైగా జవాబులొచ్చాయి. ఆల్ఫ్ లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ 48 రాష్ట్రాల్లో 46 గెలిచి రూజ్‌వెల్ట్ మళ్లీ అధ్యక్షుడయ్యాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరు? పైగా జవాబు రాసేంత పట్టుదల ఉన్నవాళ్లవే జవాబులొచ్చాయి. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ దాదాపు యాభై వేల మందిని అడిగి రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పాడు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. గిన్నెలో అన్ని మెతుకులకూ ఒకే వేడి తగిలితేనే ఆ మాట నిజం. మనుషులు అలా ఉండరు. పల్లె, పట్నం, ఆడ, మగ, కులం, పని అన్నిటి నుంచీ వాటి వాటా మేరకు మనుషులను తీసుకోవాలి. యూట్యూబ్ ఛానల్ పెట్టిన పోల్‌లో లక్ష ఓట్లు పడ్డా అది ఆ ఛానల్ చూసేవాళ్ల మాటే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో చాలా ఎగ్జిట్ పోల్స్ ఎన్‌డీఏకు 350కి పైగా సీట్లు చెప్పాయి, వచ్చింది 293. సర్వే చూసినప్పుడు ఎంతమందిని అడిగారన్నది తర్వాత, ఎవరిని అడగకుండా వదిలేశారన్నది ముందు చూడండి.

9. "లెక్కలన్నీ అబద్ధాలే, దేన్నీ నమ్మకండి"

పై ఎనిమిదీ చదివాక కొందరికి ఇదే సరైనదనిపించవచ్చు. అన్నిటికంటే చెడ్డ సలహా ఇదే. అంకెల్ని నమ్మనివాడు ఏదో ఒకదాన్ని నమ్మకుండా ఉండలేడు. గట్టిగా అరిచేవాణ్ని నమ్ముతాడు, లేదా తనవాడని అనుకున్నవాణ్ని నమ్ముతాడు. మోసగాడికి కావలసింది కూడా అదే.

అంకె అబద్ధమాడుతోందని పట్టుకోవడానికి కూడా అంకే కావాలి. 1947లో ఢిల్లీ అల్లర్ల సమయంలో చాలామంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే పని కాంట్రాక్టర్లకు అప్పగించారు. లోపల ఎంతమంది ఉన్నారో తెలియక, కాంట్రాక్టరు రాసిన బిల్లే ప్రభుత్వం కట్టాల్సి వచ్చింది. జె.ఎం. సేన్‌గుప్తా అనే సంఖ్యాశాస్త్రవేత్త ఆ బిల్లులను తీసుకున్నారు. ఒక మనిషి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని బియ్యాన్ని దాంతో భాగిస్తే ఒక జనాభా వచ్చింది. పప్పును భాగిస్తే ఇంకొకటి. ఉప్పును భాగిస్తే అన్నిటికంటే తక్కువ. బియ్యం ఖరీదైనది కాబట్టి పెంచి రాస్తే లాభం. చవకైన ఉప్పును పెంచి రాసి ఎవరికేం మిగులుతుంది? కాబట్టి ఉప్పు చెప్పిన జనాభాయే నిజానికి దగ్గర. హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న గుంపును విడిగా లెక్కపెట్టి ఈ పద్ధతి సరైనదేనని నిర్ధారించుకున్నారు.

ఈ సంగతిని తన 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' పుస్తకంలో రాసింది మన సి.ఆర్. రావు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో సంఖ్యాశాస్త్రం నేర్చుకుని, 1945లో పాతికేళ్లయినా నిండకముందే ఆ శాస్త్రం పునాదుల్లో నిలిచిన పని చేశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి అందుకున్నారు. అలాంటి మనిషిని కన్న భాషలో "లెక్కలన్నీ ఒకటేలే" అనుకుని ఊరుకోవడం మనకు తగదు.

ఎర్రకోట లెక్క ఇంట్లోనూ పనిచేస్తుంది. ఎవరైనా ఒక అంకె చెప్పినప్పుడు, దాన్ని పెంచి చెబితే ఆ మనిషికి లాభముందా అని చూడండి. ఉంటే, పెంచినా లాభం లేని ఇంకో అంకెతో సరిచూడండి. హోటలు రోజుకు లక్ష సంపాదిస్తుందని చెప్పి ఎవరైనా మీకు అమ్మజూపితే, గ్యాస్ బిల్లూ పాల బిల్లూ తెప్పించుకోండి.

ఇక మన వంతు. ఎవరు లెక్కలోకి రాలేదని ఇతరులను అడిగే మనం, మన లెక్క వచ్చినప్పుడు దాక్కోకూడదు. 2021లో జరగాల్సిన జనగణన కోవిడ్ వల్ల వాయిదా పడి 2027కి మారింది. ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి రేషన్ బియ్యం ఇవ్వాలన్నది ఇన్నేళ్లుగా 2011 జనాభా ఆధారంగానే నడిచింది. ఆ తర్వాత పుట్టినవాళ్లు, పెరిగిన కుటుంబాలు ఆ లెక్కలో లేరు. జనాభా లెక్కలు రాసుకునే ఎన్యూమరేటర్ మీ ఇంటికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి, అడిగినవాటన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పండి. చంటిపిల్లను మరిచిపోకండి, మంచాన పడ్డ ముసలివాళ్లను వదిలేయకండి, ఇంట్లో ఉండి పనిచేసే అమ్మాయిని దాచకండి. బడి ఎక్కడ కట్టాలో, బియ్యం ఎంత పంపాలో తేల్చేది ఆ లెక్కే. అందులో లేనివాళ్ల గురించి అడిగేవాళ్లు ఉండరు.